చెయ్యెత్తిన మనిషి

"వీడు సీఐడీ మనిషే! నా మాట నమ్మున్రి!"

రాజమల్లు గొంతు చించుకుంటున్నాడు.

జనగామ చౌరస్తాలో ఆ రోజు వంటావార్పు. తెలంగాణ ఇచ్చేదాకా రోడ్డు మీదే వండుడు, రోడ్డు మీదే తినుడు. పొయ్యి ఆర్పేస్తే జనం ఇళ్లకు పోతారని పోలీసుల లెక్క. చీకటి పడేదాకా మంట ఆరనివ్వనని అందరి ముందూ ఒట్టు పెట్టుకుంది అహల్య. మాట అన్నదంటే అంతే, ఇక ఆమెను కదిలించడం ఎవరి తరమూ కాదు.

"ఏమైందన్నా?" గరిటెతోనే వచ్చింది.

"గా ముసలోన్ని సూడు. పొద్దుగాల సంది కూసున్నడు. ఒక్కపాలి జై కొట్టలే. ఎన్కకెళ్లి పేరడిగితే పలుకలే. ఇందాక పోలీసోళ్ల హెలికాప్టర్ పోతుంటే చెయ్యెత్తి సైగ జేసిండు!"

అహల్యకు ఒళ్లు మండింది. తలకు రుమాలు చుట్టుకుని విస్తరి ముందు కూర్చున్న ముసలాయన దగ్గరికి విసవిసా వెళ్లింది. విస్తరి లాగేసింది.

"మా అన్నం తిని మా ముచ్చట్లు వాళ్లకు మోస్తవా? సిగ్గు లేదు? లే ఈడికెళ్లి!"

ఆయన ఆమె ముఖం వైపే కాసేపు చూశాడు. లేచి రోడ్డవతలికి పోయి నిలబడ్డాడు.

"తప్పు జెయ్యకుంటే ఎదురు తిరగడా?" అన్నాడు రాజమల్లు.

మధ్యాహ్నం హెలికాప్టర్ మళ్లీ వచ్చింది. ఈసారి మరీ కిందికి! షామియానా ఎగిరిపోయింది. కళ్లల్లో దుమ్ము. అదే అదనుగా లాఠీలతో పోలీసులు దూకారు.

ఇంకేముంది! చెప్పులు అక్కడే వదిలి తలో దిక్కూ పరుగు. అందరికన్నా ముందు రాజమల్లు. ఒట్టు పెట్టుకున్న అహల్య కూడా ఉరికింది.

సందు మొదట్లో ఆగి వెనక్కి చూసింది.

రోడ్డవతల నుంచి ఎప్పుడొచ్చాడో, పొయ్యి దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆ ముసలాయన!

తలెత్తి, కుడిచెయ్యి హెలికాప్టర్ వైపు చాచి, అది ఎటు తిరిగితే అటు తిప్పుతున్నాడు.

"జరుగు!" అరిచారు పోలీసులు.

జరగలేదు. పొయ్యిని తన్నబోతే అడ్డం వచ్చాడు. తోపులాటలో వెల్లకిలా పడ్డాడు. తల రోడ్డుకు కొట్టుకుంది. నెత్తురు చూసి పోలీసులు వెనక్కి తగ్గారు.

పొయ్యి మాత్రం మండుతూనే ఉంది.

దవాఖానకు మోసుకుపోయేసరికే ప్రాణం పోయింది. కొడకండ్ల దిక్కు తండా నుంచి ఆయనతో కలిసి పత్తి అమ్మడానికి వచ్చిన భార్య సక్రి, వెతుక్కుంటూ అక్కడికొచ్చింది.

"తాత ఎందుకు ఉరకలే అవ్వా? అంత లొల్లి ఇనలేదా?" ఏడుస్తూ అడిగింది అహల్య.

"ఆయనకు చెవులు ఇనవడక శానా ఏండ్లాయె బిడ్డా."

అహల్యకు ఊపిరి తిరిగింది. అయితే తన తిట్లు కూడా విని ఉండడు!

"పెదిమలు సూసి అన్నీ తెలుసుకుంటడు," అంది సక్రి.

అహల్య గోడకు ఆనుకుని కూలబడింది. సక్రి పక్కన కూర్చుని మిగతాదంతా చెప్పింది.

మర్నాడు పొద్దున్నే అదే చోట మళ్లీ పొయ్యి వెలిగింది. ఇన్‌స్పెక్టర్ జీపు దిగాడు.

"మల్ల మొదలువెట్టినవా? నిన్న ఆ పిచ్చి ముసలోనికి ఏమైందో మర్చిపోయినవా?"

పై నుంచి హెలికాప్టర్ మోత. కొందరు అప్పుడే వెనక్కి జరుగుతున్నారు. అహల్య పొయ్యిలోకి కట్టె ఎగదోసి, లేచి నిలబడింది. కుడిచెయ్యి ఎత్తి ఆకాశం వైపు చాచింది.

"ఆయన నిలవడ్డ జాగల నిలవడ్డ. నన్ను లేపుడు మీతోని గాదు సారూ! పాకిస్తాన్ యుద్ధంల, మీదికి విమానమొస్తే అందరు గుంతలల్ల దుంకంగ, చెవులు పగిలినా ఫిరంగి ఇడువకుంట నిలవడి దాన్ని కూల్చిన సిపాయి మా దస్రు తాత!"