చంద్రమండలంలో సమ్మె

“చంద్రమండలంలో రాళ్లు తవ్వే కూలోళ్లు రాకెట్టు యజమాని మీద సమ్మె సేశారన్నావు కదరా సత్యం! పోయినారమూ, ఇయాళా పంచాయతీ రేడియో దగ్గర కూకుని సెవులొగ్గి ఇన్నాను. నాటకంలో సమ్మె నేదు, గిమ్మె నేదు!”

గుమ్మంలోంచే అరిచాడు జగన్నాధం. ఆదివారం రేడియో నాటకాన్ని సోమవారం మిల్లులో సత్యంలాగే అతనూ చెప్పేవాడు. ఎవడూ వినేవాడు కాదు. మగ్గాలవాళ్లంతా సత్యం చుట్టూ మూగేవాళ్లు. అది చూసి కుళ్లిపోయాడు. ఇవాళ వాడి పరువు తీసెయ్యాలనే వచ్చాడు.

సత్యం వెనక్కి తిరగలేదు. తన రేడియో మీద అరచెయ్యి ఆనించి నవ్వుకుంటున్నాడు. అందులో ఎవరో ఎరువుల గురించి చెబుతున్నారు.

“మీ తమ్ముడికి ఇనపడదు బావా,” అంది సత్యం భార్య అప్పలమ్మ. “మగ్గాల మోత సెవులు తినీసింది. మేస్త్రీకి తెలిస్తే పని పోతాది. సెప్పకు.”

మిల్లు మోతలో అందరూ పెదాలు చూసే మాట్లాడుకుంటారు. అందుకే ఎవడికీ తెలియలేదు.

“మరా కథ?”

“సొంతంగా కడతాడు. ముందు నాకే సెప్తాడు.”

చెవులు రెండూ ఉన్న జగన్నాధం గుమ్మం దాటి లోపలికొచ్చాడు. తను ఎదురుచూస్తున్నది కూడా ఆ కథ కోసమే. వెళ్లి సత్యం ఎదుట కూర్చుని పెదాలు సాగదీస్తూ అడిగాడు.

“ఒరే, సమ్మె గెలుస్తాదా?”

“రేపు మిల్లులో సెప్తాను, అందరితో పాటు ఇనుకో!”

జగన్నాధం అప్పలమ్మ వైపు చూశాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆమెకు ముందే తెలుసు. అది అతను అస్సలు ఓర్చుకోలేకపోయాడు.