దీవులు చూసొద్దాం

“మే, రామేశ్వరం పోదామా?”

బాయి అడుగునుంచి పొద్దున్నించీ ఇదే మాట. గట్టు మీద గంపలు అందుకుంటున్న హనుమంతమ్మకు ఒళ్ళు మండింది.

“ముందు రాయి కొట్టప్పా. సగం గంపలు పంపిస్తాండావు పొద్దున్నించీ” అంది లోపలికి వంగి.

“రాయి యాడికి పోతాది? కదిరిలో రైలెక్కినామంటే అయిపాయె. నాలుగు దినాలు దీవులు చూసొద్దాం” అన్నాడు ఓబుళేసు.

గిలక దగ్గర మోకు లాగుతున్న కుళ్ళాయప్ప పకపకా నవ్వాడు. వరసకు ఓబుళేసుకు తమ్ముడు. మిలిటరీలో చేరి ఓడలెక్కి తిరిగొచ్చినవాడు. “తప్పు నాదే వదినా. నిన్న దీవుల సంగతి చెప్పినా. అన్నకు ఆ గాలి సోకింది.”

“దీవి అంటే ఏందప్పా?” అంది హనుమంతమ్మ అతనివైపు తిరిగి.

“చుట్టూరా సముద్రం, నడుమ ఇంత నేల. రామేశ్వరం అట్లాంటిదే. రైలు నీళ్ళ మీదనే పోతాది. ఆడ పడవెక్కితే ఇంగా చిన్న దీవులుండాయి. మనిషనేవాడు ఉండడు. ఇసక, టెంకాయ చెట్లు, గాలి.”

“మనిషే లేని తావుకు పోయి ఏం చేస్తారు?”

“ఏమీ చెయ్యం” అన్నది లోపలి గొంతు. “ఇసకలో ఊరికే కూచుంటాం. అలలొచ్చి కాళ్ళు తడిపి పోతాంటాయంట. ఈ బాయి మాట మాత్రం ఇద్దరమూ ఎత్తగూడదు.”

“ఊరికే కూచునే మొగమేనా నీది? పండగ పూట కూడా గడ్డపార దించనోడివి.”

వెక్కిరించిందే గానీ ఆమెకు లోలోపల భయమే. రెండు కరువులుగా ఆ బాయిని లోతు చేస్తున్నారు. ఎద్దులనమ్మిన దుడ్డు దాంట్లోకే పోయింది. ఆమె చెవుల కమ్మలూ దాంట్లోకే పోయాయి. ఇక నీళ్ళు పడకపోతే చేను వదిలేసి, కణేకల్ పక్క కాలవ గట్ల మీదికి కూలికి పోవడమే. ఇప్పుడు ఈ మనిషి దిగులు పడి గడ్డపార వదిలేస్తాడేమో.

“నీళ్ళు పడనీ. పడిన మర్నాడే పోదాం” అంది మెత్తగా. “అంతదాకా దీవుల మాట వద్దు.”

లోపలినుంచి ఇంకో సగం గంప పైకొచ్చింది.

నడినెత్తికి వచ్చిన ఎండ అప్పుడే బాయి అడుగుకు దిగింది. కుళ్ళాయప్ప మోకు పట్టుకునే లోపలికి తొంగి చూశాడు.

“అన్నా, నీ కాళ్ళకాడ ఏందది, మెరుస్తాండాది?”

“ఊట” అన్నాడు ఓబుళేసు తల ఎత్తకుండానే.

కుళ్ళాయప్ప మోకును కొయ్యకు చుట్టేశాడు. “నీళ్ళు పడితే చెప్పకుండా రామేశ్వరం రామేశ్వరం అంటాండావే, మనిషివేనా నువ్వు? వదినా, నేను పోయి టెంకాయ తెస్తా. ఊర్లో అందరికీ చెప్పొస్తా.” దూడ కూడా పరిగెత్తనంత ఎండలో అతను చేలకు అడ్డంబడి పరిగెత్తాడు.

హనుమంతమ్మ గంప పక్కన పడేసింది. తాడుకు చెంబు కట్టి లోపలికి వదిలింది.

“ముంచప్పా. గంగమ్మకు పెట్టాల.”

“ఊట తేరుకోనీ మే. రేపు పెడదాం.”

“ఇన్నాళ్ళకు వచ్చిన తల్లిని రేపు రమ్మంటావా? ముంచు. నువ్వు నోట్లో పోసుకోలేదు గదా? ఆయమ్మకు పెట్టకముందు మనం తాగగూడదు.”

“లేదులే” అన్నాడతను.

చెంబు పైకొచ్చింది. గట్టు మీద పసుపు పూసిన రాతికి నీళ్ళు పోసి దండం పెట్టుకుంది. తర్వాత పుడిసెడు నీళ్ళు తీసుకుని, కళ్ళు మూసుకుని నోట్లో పోసుకుంది.

కళ్ళు తెరిచింది. మళ్ళీ ఒక గుక్క నోట్లో పోసుకుని చూసింది.

ఉప్పు. గొడ్లు కూడా మూతి తిప్పుకునే ఉప్పు. వెనకే గొంతులో చేదు. ఈ నీళ్ళు పారితే వేరుశనగ చెట్టు కాదు, గడ్డిపోచ కూడా నిలవదు.

“ఎట్లుండాయి?” లోపలినుంచి అడిగాడు.

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. ఊరివాళ్ళు వచ్చేదాకా ఈ కాస్తసేపైనా ఆ మనిషి సుఖంగా ఉండనీ అనుకుంది.

“టెంకాయ నీళ్ళ మాదిరి ఉండాయప్పా.”

లోపల గడ్డపార కింద పెట్టిన చప్పుడైంది.

“అట్లనా?” అన్నాడు. “అయితే ఇంగ అడ్డమేముండాది? పోదాం.”

“పోదాం. నా పచ్చకోక ఉతికి పెట్టుకుంటా.”

“ఆవును పక్కింటి మారెక్క దొడ్లో కట్టేసి పోదాం” అంటూ అతను ఒక మెట్టు ఎక్కాడు.

“దారికి కొర్రన్నం మూటగడతా. పడవ ఊగుతాదంటనే. నాకు భయం.”

“నా చెయ్యి పట్టుకో.” ఇంకో మెట్టు.

“ఎన్ని దీవులు చూద్దాం?”

“ఎన్నుంటే అన్ని.”

“తిరిగొచ్చేది ఎప్పుడు?”

“ఆ మాట ఆడ కూచుని ఆలోచిద్దాంలే.”

ఓబుళేసు పైకొచ్చి గట్టు మీద కూచున్నాడు. ఒళ్ళంతా రాతి దుమ్ము. హనుమంతమ్మ చెంబును మెల్లగా పసుపు రాయి వెనక్కు తోసింది. ఇంటినుంచి తెచ్చిన ముంత ఎత్తి అతని దోసిట్లో నీళ్ళు పోసింది. ఊరి దిక్కునుంచి పలక చప్పుడు దగ్గరవుతోంది. ముందు కుళ్ళాయప్ప, వెనక జనం.

అతను తాగాడు. ఎండిన చేను దిక్కు చూస్తూ మళ్ళీ దోసిలి పట్టాడు.

“ఇంగో గుక్క పొయ్యి మే. పొద్దున్నించీ నోట్లోంచి ఆ ఉప్పు పోలేదు.”