మందు డబ్బా

పాప మోచేతి మడతలో మళ్ళీ చీము పట్టింది. మూడు నెలల్లో ఇది నాలుగోసారి. ఆసుపత్రి మంచం పక్కన నిలబడ్డ తల్లి, మందు డబ్బా మూత తీసి డాక్టరమ్మ చేతికిచ్చింది.

"ఎగ్జిమా దురదకి రాసేది ఇదేనండీ. అశ్రద్ధ చేశానంటారు మా అత్తగారు. ఒక్క పూట మానితే ఒట్టు."

"స్పూనుతో తీస్తారా?"

"వేలితోనేనండీ. పుండుకి రాసి, చాలకపోతే మళ్ళీ తీస్తాను."

డాక్టరమ్మ మెల్లగా మూత పెట్టేసింది.

"పుండులో క్రిములు మీ వేలితో డబ్బాలోకి చేరాయమ్మా. పూటపూటకీ మళ్ళీ ఒంటికి ఎక్కాయి. ఇప్పుడు రక్తంలోకీ పాకాయి. ఏ మందుకీ లొంగడం లేదు."

పాప జ్వరంలోనే చెయ్యి చాపింది. "మంటగా ఉందమ్మా. రాయవా?"

"నర్సు వచ్చి రాస్తుందిలే," అంది తల్లి, రెండు చేతులూ వెనక్కి దాచుకుని.