పాప గదికి తెర

పగటి ఎండ నిమిషంలో ఒళ్ళంతా బొబ్బలెక్కించే కాలమది. వంటింటి కిటికీకి తాడు లాగే తెర చాలంది హైమ. పాప గదికి మాత్రం ఖరీదైనదే, మాట వినే తెర ఎంచుకుంది.

"'తీసెయ్' అంటే పైకి పోద్దమ్మా, 'వేసెయ్' అంటే దిగుద్ది," అని చెప్పి, దాన్ని బిగించిన జకీర్ అప్పుడు దాని స్విచ్చి వేశాడు.

హైమ అత్తగారు వచ్చి ఉయ్యాల్లో మనవరాలిని తాకి చూసింది. "పిల్లకి చలేస్తున్నట్టుంది. ఆ ఫ్యాను తీసెయ్యవే."

తెర సర్రున పైకి లేచింది. ఎండ ఉయ్యాల మీద పడింది. హైమ ఒక్క ఉదుటున వంగి పాపకు వీపు అడ్డం పెట్టింది.

"వేసెయ్!" అని జకీర్ అరిచాడు. తెర దిగింది.

వీపు భగభగ మండుతుంటే హైమ లేచింది. "బాబూ, ముందు దీన్ని తీ..." అంటూనే నోరు గట్టిగా మూసుకుంది. వంటింటి వైపు వేలు చూపించి, గాల్లో తాడు లాగింది.