గురువు అమర్చిన డిస్కు

ఒక్కో పనికి ఒక్కో డిస్కును చెవి వెనక అమర్చుకోవడం మొదలయ్యాక, ఒక డిస్కు జ్ఞాపకాలు మరో డిస్కుకు తెలియకుండా పోయాయి. పరిశోధన ముగించిన విద్యార్థి ఆ డిస్కును గైడుకు అప్పగించాలన్నది మా విశ్వవిద్యాలయ నియమం. నా విద్యార్థి పానకాలరావు కూడా నాకు అప్పగించాడు. నా బీరువాలోంచి వరి తెగులుపై నేను రాసుకున్న నోటుపుస్తకాలు దొంగిలించి, తన సిద్ధాంతగ్రంథంగా సమర్పించిన జ్ఞాపకం అందులోనే ఉండిపోయింది. అందువల్ల నాకు భయపడాలని కూడా అతనికి గుర్తులేదు. ఆ డిస్కు అతని తలలో తప్ప పలకదు కనుక, నేను పంతొమ్మిదేళ్లు ఎదురుచూశాను.

చివరికి తన సన్మానానికి నన్నే పిలిచాడు. శాలువా కప్పాక, ప్రసంగానికి డిస్కు అమర్చవలసింది గురువే.

“మీ చేత్తోనే పెట్టండి మేడమ్! ఇదంతా మీ చలవే” అన్నాడు తల వంచి.

“అవును నాయనా, అంతా నాదే” అని పాత డిస్కు పెట్టాను.

ఆ డిస్కుకు సభ తెలియదు, శాలువా తెలియదు. దొంగతనం మాత్రం నిన్నటిది. నన్ను చూడగానే పానకాలరావు చేతులు జోడించాడు.

“మేడమ్, బీరువా తాళం తీసింది నేనేనండీ. నోటుపుస్తకాలు కాల్చేశాను. దయచేసి ఎవరికీ చెప్పకండి.”

“నేనెందుకు చెబుతాను?” అంటూ మైకును అతని నోటికి మరింత దగ్గరగా జరిపాను. “మొదటినుంచీ నువ్వే చెప్పు.”