బల్బుకు రెగ్యులేటర్

వద్దని మొత్తుకున్నా ఇనకుంట, నాచారంల రామచంద్రరావు సారు తన ఇంటి ఎల్‌ఈడీ బల్బుకు నాతోని ఫ్యాను రెగ్యులేటర్ పెట్టించిండు. తిప్పంగనే బల్బు టపటప కొట్టుకుని ఆరిపోయింది.

"చెప్పిన గద సార్! ఇది పాత గుండు బల్బు లెక్క తగ్గది. తక్కువ వాట్లది పెడ్త, కతం."

"ఒక్కసారిగా తగ్గితే తెలిసిపోతుంది మహిపాల్. రోజూ కొద్దికొద్దిగా తగ్గాలి."

"ఎవలకు తెలుస్తది? తెలుస్తే ఏమైతది సార్?"

సారు వంటింటి దిక్కు సూసిండు. నాకు యాష్టకొచ్చి, రెగ్యులేటర్ పీకి వైర్లు డైరెక్టుగ కలిపిన. స్విచ్చేస్తే హాలంత పట్టపగలు లెక్కయింది.

స్విచ్ చప్పుడు ఇని సారు భార్య సత్యవేణి మేడం వంటింట్లకెళ్ళి గోడ పట్టుకుంట వచ్చింది. పొద్దుగూకినంక లైటేస్తే మొక్కే అలవాటు ఆమెకు. చేతులు జోడించి, తల పైకెత్తి సూసింది.

"ఇదీ మసకేనా బాబూ? నెలలో ఇది నాలుగో బల్బు. మీ సారుకి కూడా ఇలాగే కనిపిస్తోందట. మరి నీకు?"

ఆమె ఎనక సారు కూడా చేతులు జోడించిండు, నా దిక్కు తిరిగి.