బావమరిది లైసెన్సు

ఫిలిప్ లైసెన్సు జిరాక్సు కాపీని జయరావు ప్లాస్టిక్ కవరులో పెట్టి మెడలో వేసుకున్నాడు. అందులో ఫొటో నల్లగా వచ్చింది. మీసమున్న మగవాడెవడైనా ఫిలిప్పేనని చెప్పుకోవచ్చు.

“ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి సోమవారం మా తమ్ముడి పేరు పెట్టుకుని తిరుగుతారా?” అంది భార్య దేవకుమారి, క్యారేజీ అందిస్తూ.

“పేరే కదే మార్చింది. పైపులు మార్చలేదుగా.”

ఆ జవాబు అతనికి చాలా నచ్చింది. వీధి మలుపు తిరిగేసరికి నచ్చడం మానేసింది.

జయరావు ఇరవై రెండేళ్లుగా పైపులు బిగిస్తున్నాడు. మంట లేస్తే కప్పు నుంచి వాటంతటవే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఎన్నో గోడౌన్లలో అమర్చాడు. ఈమధ్య ప్రభుత్వం వాళ్లు లైసెన్సున్న ఫిట్టరే ఆ పని చెయ్యాలన్నారు. రాత పరీక్షకి రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ తప్పాడు. పానాతో అరగంటలో తేలే సంగతి కలంతో మూడు గంటలైనా తేలలేదు. బావమరిది ఫిలిప్ మొదటిసారే పాసై విశాఖపట్నంలో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. అతని లైసెన్సు కాగితం మాత్రం నల్లపాడు దగ్గర వీరాంజనేయులు గారి మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని చేస్తోంది.

“ఈ వారం ఇన్‌స్పెక్షన్ ఉంటుందయ్యా ఫిలిప్పూ. వాళ్లు చెప్పి రారు,” అని నిన్ననే హెచ్చరించారు వీరాంజనేయులు గారు.

దొరికితే కేసు. ఆ తర్వాత ఈ జన్మలో పైపు ముట్టుకోనివ్వరు. వేరే పని జయరావుకి రాదు.

నిచ్చెన ఎక్కుతూ కళ్లు మూసుకున్నాడు. “ప్రభువా, ఇన్‌స్పెక్టర్ని రానివ్వకు. వచ్చినా తలెత్తి నా మొహం చూడకుండా చెయ్యి.” దొంగపనికి దేవుణ్ణి కాపలా పెడుతున్నానని తట్టి, ఆమెన్ అనకుండానే ఆపేశాడు.

పదకొండింటికి గేటు దగ్గర ఆటో ఆగింది. తెల్ల చొక్కా వేసుకున్న మనిషొకడు చేతిలో ఫైలుతో దిగి, లోపలికి రాగానే వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు.

జయరావు నిచ్చెన దిగాడు. ఈ చుట్టుపక్కల మిర్చి ఘాటుకి తుమ్మేవాడు లేడు. తుమ్మాడంటే ఆఫీసరే. జీపులో కాకుండా ఆటోలో రావడంలోనే ఉంది వీళ్ల తెలివి అనుకున్నాడు. ఆ తెలివిని కనిపెట్టినందుకు, అంత భయంలోనూ, తన భుజం తనే తట్టుకున్నాడు.

“లైసెన్సున్న ఫిలిప్ గారంటే మీరేనా అండీ?”

“అవునండి.”

“ఒకసారి చూడొచ్చా?”

ఆ మనిషి కాగితాన్ని వెలుతురుకి పెట్టి రెండు నిమిషాలు చూశాడు. జయరావుకి రెండు గంటలు గడిచినట్టనిపించింది. తర్వాత నోటుబుక్కు తెరిచాడు.

“ఇక్కడ స్ప్రింక్లరులో గాజు బల్బు ఎర్రగా ఉంది, జనరేటరు గదిలో ఆకుపచ్చగా ఉంది. ఎందుకండీ?”

“ఎర్రది అరవై ఎనిమిది డిగ్రీలకి పగిలి నీళ్లు వదులుద్దండి. ఆ గదిలో మామూలుగానే వేడెక్కువ. అందుకని తొంభై మూడుకి గానీ పగలనిది పెట్టాను.”

“టిక్కీ బస్తాల పైన ఎంత ఖాళీ వదలాలి?”

“అర మీటరైనా వదలాలండి. బస్తాలు కప్పు దాకా పేరిస్తే నీళ్లు విచ్చుకోవు.”

“కాస్త నిదానంగా చెప్పండి, రాసుకుంటున్నాను.”

రాసుకుంటున్నాడు. కేసు ఎంత పొడుగవుతోందో అనుకున్నాడు జయరావు. పంపు, వాల్వు, ప్రెషరు మీటరు, అన్నీ అడిగాడు. అన్నిటికీ జయరావు జవాబిచ్చాడు. గంటన్నర తర్వాత ఆ మనిషి చెమట తుడుచుకుని నవ్వాడు.

“లైసెన్సున్న మనిషి పనిలో తేడా తెలిసిపోతుందండి, ఫిలిప్ గారూ.”

ఆ ఎత్తిపొడుపు సూటిగా తగిలింది. జయరావు ఇక దాచలేకపోయాడు.

“అయ్యా, నేను ఫిలిప్‌ని కాదు. నా పేరు జయరావు. ఆ లైసెన్సు మా బావమరిదిది.”

ఆ మనిషి కలం ఆగింది. రాసిన పేజీలు కంగారుగా వెనక్కి తిప్పాడు. “మరి ఇప్పటిదాకా చెప్పినవన్నీ?”

“అవన్నీ నిజాలేనండి. పేరొక్కటే అబద్ధం.”

ఆ మనిషి గట్టిగా ఊపిరి వదిలాడు. “పరీక్ష రాయకపోయారా?”

“రెండుసార్లు తప్పానండి.”

“మూడోసారి రాయండి. వచ్చే నెల పదహారున గుంటూరులో ఉంది. ఈ సంగతి నేనెవరికీ చెప్పన్లెండి.”

క్షమించి వదిలేశాడు. ఆ క్షమాపణ మోయలేక జయరావు నేరుగా వీరాంజనేయులు గారి దగ్గరికి వెళ్లి, ఆఫీసరుకి దొరికిపోయిన సంగతంతా చెప్పేశాడు.

“దొరికాక చెబితే దాన్ని నిజం చెప్పడం అనరయ్యా, లొంగిపోవడం అంటారు,” అన్నారాయన. “ఫిలిప్పో, జయరావో, ఎవరివైతేనేం, సామాన్లు సర్దుకో.”

సాయంత్రానికి పని వేరేవాళ్లకి వెళ్లిపోయింది.

ఆదివారం జయరావు చర్చిలో సాక్ష్యం చెప్పాడు. దేవుడు తన దగ్గరికి ఒక అధికారిని పంపాడన్నాడు. ఆయన కళ్లలోకి చూసి అబద్ధం ఆడటం ఎవరి తరమూ కాదన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. దేవకుమారి మాత్రం, “వచ్చిన మనిషి ఊరూ పేరూ అయినా అడిగారా?” అంది.

“ఆఫీసర్ని పేరడుగుతారా ఎవరైనా?” అని విసుక్కున్నాడు.

నెల రోజులు రాత్రీ పగలూ చదివాడు. పదహారున పరీక్ష గదిలోకి పరుగున వచ్చి, తల వంచుకుని చివరి బల్లలో కూలబడ్డాడు. పర్యవేక్షణకి ఆ ఆఫీసరే వస్తే నమస్కారం పెట్టాలని అనుకున్నాడు. ఎవరో పెద్దావిడ వచ్చి ప్రశ్నపత్రాలు పంచింది.

పది నిమిషాల తర్వాత, ముందు బల్లలో పరీక్ష రాస్తున్న ఆ ఆఫీసరే మెల్లగా వెనక్కి తిరిగి గొంతు తగ్గించాడు: “మాస్టారూ, మూడో ప్రశ్న ఆ రోజు మీరు నాకు చెప్పలేదేంటండీ?”